చెవుల డాక్టరుకు నేను కుట్టించిన మెత్తటి ప్యాడ్లు

2001వ సంవత్సరం, మార్చి ఆఖరు. నంద్యాల గాంధీచౌక్ పక్క సందులో నాకు రేడియో, టేప్ రికార్డర్ల రిపేరు అంగడి ఉండేది. అంగడంటే పెద్దగా ఏమీ కాదు. ఒక బల్ల, ఒక సోల్డరింగ్ ఐరన్, గోడ నిండా మేకులకు తగిలించిన వైర్లు, అంతే. టీవీల జోరులో రేడియోలు అప్పటికే వెనకబడినాయి. పెండ్లిండ్ల మైకుసెట్లు, పాటలు రికార్డు చేసేవాళ్ల హెడ్‌ఫోన్లు, గల్ఫ్ నుంచి తెచ్చుకున్న ఖరీదైన సామాన్లు, వీటితోనే నాకు పొద్దు గడిచేది. ఆత్మకూరులోగానీ కోయిలకుంట్లలోగానీ మంచి హెడ్‌ఫోన్ చెడిపోతే "నంద్యాల బాషా దగ్గరికి పోండి" అనేవాళ్లు. ఆ మాట చెవిన పడితే నాకు తల రోంత ఎగిరేది. అబద్ధమెందుకు చెప్పాల.

హెడ్‌ఫోన్ ఎంత ఖరీదుదైనా చచ్చేది రెండు చోట్లే. ఒకటి కేబుల్, రెండు ఇయర్ ప్యాడ్. కేబుల్ ప్లగ్గు దగ్గర వంగి వంగి లోపల రాగితీగ తెగిపోతాది. మార్చేటప్పుడు చూసి ఎంచుకోవాల. తీగ మరీ సన్నగా ఉండకూడదు, చుట్టూ అల్లిక సరిగా లేకుంటే కరెంటు గుంయ్ శబ్దం లోపలికి దూరుతాది, మరీ బిర్రుగా ఉంటే బట్టకు రాసుకున్నప్పుడల్లా చెవిలో గరగరమంటాది. ప్యాడ్ అంటే చెవికి ఆనుకునే మెత్త. అది పొలుసులు రాలి, లోపలి స్పాంజి పొడైపోతాది. అప్పట్లో నా లెక్కలో కేబుల్ మార్చడం విద్య, ప్యాడ్ మార్చడం కుట్టుపని.

ఆ మార్చిలో ఊళ్లోని చెవుల డాక్టరు స్వయంగా గుడ్డసంచిలో ఒక హెడ్‌ఫోన్ పెట్టుకొని వచ్చినాడు. ఆయన దగ్గర చెవిని పరీక్ష చేసే మిషన్ ఉండేది, ఆడియోమీటర్ అంటారు. రోగి హెడ్‌ఫోన్ పెట్టుకొని కూర్చుంటే బుయ్‌మనే లావు శబ్దం నుంచి కీచుమనే సన్న శబ్దం దాకా ఒక్కో కూత వినిపిస్తాది. వినపడితే చేతిలోని స్విచ్చి నొక్కాల. ఎంత చిన్న కూత అందిందో డాక్టరు కాగితం మీద చుక్కలు పెట్టి గీత కలుపుతాడు. ఆ హెడ్‌ఫోన్ చూసేకి మొద్దుగా ఉంటాదిగానీ ధరకు నా అంగడి సగం వస్తాది. కేబుల్ తెగింది, రబ్బరు ప్యాడ్లు పగుళ్లిచ్చినాయి.

"బాషా, ఊరి బయట ఫ్యాక్టరీ వాళ్ల డ్రైవర్లకు మెడికల్ నేనే చేయాలి. వచ్చే సోమవారం మొదలు. అసలు ప్యాడ్లు మద్రాసు నుంచి రావాలంటే నెల పడుతుందట. ఏదో ఒకటి చేసివ్వు," అన్నాడు డాక్టరు.

"ఏదో ఒకటేంది సార్, కొత్తదానికంటే బాగా చేసిస్తా," అన్నా.

కేబుల్ పని మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకొని చేసినా. ఎరుపు కుడిచెవి, నీలం ఎడమచెవి. అటుదిటు అయితే మంచి చెవికి మందు పడుతుందని నాలుగుసార్లు మీటరు పెట్టి చూసుకున్నా. ప్యాడ్ల దగ్గరికి వచ్చేసరికి నా తెలివి తెల్లారింది. పాత రబ్బరువి గట్టిగా, చెవిని పట్టేసినట్ల ఉండేవి. పాపం రోగులకు నొప్పి కదా అనుకున్నా. స్కూటర్ సీటు కవర్లు కుట్టే ఆయన దగ్గరికి పోయి, మంచి స్పాంజి పెట్టించి, మెత్తటి రెక్సిన్‌తో రెండు వేళ్ల మందాన కుట్టించినా. డాక్టరు పెట్టుకొని చూసి "అబ్బ, దిండు మాదిరి ఉంది బాషా!" అన్నాడు. నేను మీసం తడుముకున్నా.

జూన్ మొదట్లో ఆళ్లగడ్డ ఓబులేసు అంగడికి వచ్చినాడు. ఆ ఫ్యాక్టరీ స్టాఫ్ బస్సును ఆళ్లగడ్డకూ నంద్యాలకూ నడిపే డ్రైవరు. నా మైకుసెట్లు ఎన్నిసార్లు ఆయన బండిలో ఎక్కించి పంపినానో లెక్కలేదు. ఎప్పుడొచ్చినా గుమ్మంలోనే కేకేసే మనిషి, ఆ పొద్దు స్టూలు లాక్కొని గమ్మున కూర్చున్నాడు.

"బాషన్నా, ఒక మంచి హెడ్‌ఫోన్ కావాల."

"పాటలకా?"

"పాటలకు కాదప్పా, ప్రాక్టీసుకు."

నాకు అర్థం కాలే. ఓబులేసు గొంతు తగ్గించి చెప్పినాడు. "నా చెవులు మందమని డాక్టరు రాసినాడు. ఫ్యాక్టరీ వాళ్లు బండి దిగమన్నారు. ఇరవై రెండేండ్లు స్టీరింగు పట్టుకున్నోన్ని, గేటు దగ్గర కూర్చోబెట్టినారు. ఆగస్టులో మల్ల పరీక్ష ఉంటాదంట. అప్పుడూ ఇంతే అయితే ఇంటికే. నువ్వు ఆ కూతలు ఒక క్యాసెట్‌లో పట్టిచ్చినావంటే దినామూ విని చెవిని దారికి తెచ్చుకుంటా."

నేను నవ్వినా. "చెవేమన్నా కోడెదూడనా ఓబులేసూ, కాడికి కట్టి దారికి తెచ్చేకి?"

ఆయన నవ్వలే. తల దించుకొని అరిచేతులు చూసుకుంటాండాడు. నా నోటిని నేనే తిట్టుకున్నా.

"సరే, ఏ కూతలు అందలే నీకు?" అని అడిగినా.

"అదే నాకూ తెలియని యవ్వారం. సన్న కూతలన్నీ టకటకా నొక్కినా. లావువి, బుయ్‌మనేవి, అవే అందలేదు. ఇంజన్ లావు శబ్దం వినే కదప్పా నేను గేరు మార్చేది!"

నా చేతిలో ఐరన్ అట్లే ఆగిపోయింది. డీజిల్ బండ్ల హోరులో బతికినోళ్లకు ముందు పోయేది సన్న శబ్దం. ఆ ముక్క డాక్టరే నాకు ఒకసారి చెప్పినాడు. ఓబులేసుది తలకిందులు. సన్నవి ఉండి లావువి పోవడమనే జబ్బు మనుషులకు ఎట్ల వస్తాదో నాకు తెలియదుగానీ, హెడ్‌ఫోన్లకు ఎట్ల వస్తాదో మాత్రం బాగా తెలుసు.

బల్ల మీదున్న మంచి హెడ్‌ఫోన్ ఆయనకు పెట్టి డోలు క్యాసెట్ వేసినా. "వినపడతాందా?" అంటే, "గుండెల్లో కొడతాంది," అన్నాడు. ప్యాడ్‌కూ చెవికీ నడుమ నా చిటికెనవేలు దూర్చి రోంత సందు చేసినా. డోలు దెబ్బ మాయమైంది, తాళం గణగణ మాత్రం మిగిలింది.

"అట్లనే! ఆ పొద్దు అట్లనే ఉండె!" అని స్టూలు మీదనుంచి లేచినాడు ఓబులేసు.

సందు ఉంటే లావు శబ్దం బయటికి కారిపోతాది. ఆ గట్టి రబ్బరు చెవిని పట్టేసేది అందుకే. రోగికి నొప్పి పుట్టించేకి కాదు. నేను దాన్ని తీసేసి దిండ్లు కుట్టించినా. ఒక మనిషి బతుకును తూచే తక్కెడకు ఒకవైపు నా చెయ్యి ఆనించి, మెత్తగా ఉంది చూడండని మురిసిపోయినా.

నిజం అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. చెప్పలే. "రోంత ఓపిక పట్టు, ఏదో ఒకటి చేద్దాం," అని పంపించేసినా. ఆయన పోయినాక తేలు కుట్టిన దొంగ మాదిరి కూర్చున్నా. చెప్తే నా పేరు పోతాది. డాక్టరు మల్ల నా గడప తొక్కడు. చెప్పకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఎవరికీ తెలియదనే మాటే నన్ను ఇంక కూర్చోనీయలేదు. మరుసటి దినం మధ్యాహ్నం డాక్టరు దగ్గరికి పోయినా.

ఆయనకు కోపం వచ్చింది. "నువ్వు నాకు చెవుల వైద్యం చెప్తావా బాషా? నేను ఇచ్చిన సర్టిఫికెట్లు తప్పంటావా?"

"వైద్యం నాకేం తెలుసు సార్. మెత్తల సంగతి చెప్తాండా. ఒక్కసారి మీరే కూర్చోండి," అని చేతులు జోడించినా.

చివరికి ఆయనే హెడ్‌ఫోన్ పెట్టుకొని కూర్చున్నాడు. నన్ను మీట తిప్పమన్నాడు. లావు కూత పెట్టినా. ఆయన వేలు కదల్లేదు. "ఇప్పుడు రెండు అరిచేతులతో అదిమి పట్టుకోండి సార్," అన్నా. అదిమినాడు. వేలు ఠక్కున స్విచ్చి నొక్కింది.

డాక్టరు హెడ్‌ఫోన్ తీసి ఒడిలో పెట్టుకున్నాడు. లేచి రిజిస్టరు తెరిచి, నేను ప్యాడ్లు మార్చిన దినం నుంచి పేర్లన్నీ ఒక కాగితం మీద ఎక్కించినాడు. ముప్పై ఒక్క మంది. కొత్త ప్యాడ్లు వేసినాక మిషన్‌ను ఒకసారి సరిచూపించి ఉండాల్సిందని తనలో తను అనుకున్నట్ల అన్నాడు.

"తప్పు నాది సార్, కుట్టించింది నేను," అన్నా. ఏడుపొచ్చింది నాకు.

"ప్యాడ్లు నువ్వు కుట్టించావు బాషా. సంతకం నాది," అన్నాడు.

ఆ వారమే మల్ల పరీక్షకు రమ్మని అందరికీ కార్డులు రాసినాడు. కర్నూలులో తెలిసిన డాక్టరు దగ్గర అసలు రబ్బరు ప్యాడ్లు ఒక జత తెప్పించి, మిషన్ కంపెనీ మనిషిని పిలిపించి శబ్దాలన్నీ సరిచూపించినాడు. మల్ల వచ్చినోళ్లలో నలుగురికి చెవులు మందమని రాసింది తప్పని తేలి కాగితాలు మారినాయి. ఆత్మకూరు అవతల అడవి అంచు గూడెం నుంచి వచ్చిన ఒకామెకు రాసిన కార్డు మాత్రం తిరిగొచ్చింది. ఆమె మల్ల ఎవరికీ కనపడలే. ఆమె చెవి సంగతేమో నాకు ఈనాటికీ తెలియదు.

ఓబులేసుకు కార్డు పోస్టులో వేయొద్దని డాక్టరుకు చెప్పి, నేనే ఆళ్లగడ్డకు తీసుకొని పోయినా. వాకిట్లో ఆయన భార్య వడ్లు చెరుగుతాంది, ఆయన పక్కనే మంచం మీద ఉన్నాడు. ఇద్దరికీ నడుమ మూడడుగులు లేదు. నన్ను చూసి ఆమె "నంద్యాల నుంచి బాషన్న వచ్చినాడు!" అని ఆయన వైపు తిరిగి కేక పెట్టింది. పక్కింటి వాళ్లు తొంగి చూసేంత కేక. ఆయన "ఆఁ?" అన్నాడు. రెండు నెలల కింద ఆయన నోట ఆ "ఆఁ?" లేదు.

కూర్చొని మొదటి నుంచి చివరిదాకా చెప్పినా. ఏమీ దాచలే. కాలర్ పట్టుకుంటాడనే అనుకున్నా, పట్టుకుంటే బాగుండునని కూడా అనుకున్నా.

"అంటే నా చెవులు బాగానే ఉండాయా?" అన్నాడు.

"బాగుండాయప్పా. చెడింది నా పని."

ఆయన భార్య చేట కింద పెట్టేసింది. "దినామూ ఈయన మీద అరిచి అరిచి నా గొంతు పోయింది కదన్నా," అంది మెల్లగా. ఆ మెల్లటి మాటకు ఓబులేసు తల తిప్పి ఆమెను చూసినాడు.

డాక్టరు మల్ల పెట్టిన పరీక్షలో ఓబులేసు పాసైనాడు. జూలైలో ఫ్యాక్టరీ వాళ్లు బండి ఇచ్చేసినారు. కథ ఇంతటితో సుఖంగా తీరిపోయిందనే నేనూ అనుకున్నా.

ఆ నెలాఖరులో ఆళ్లగడ్డలో ఒక పెండ్లికి మైకుసెట్ బిగించేకి ఆయన బండిలోనే పోయినా, పక్కనే బానెట్ మీద కూర్చొని. నూనెపల్లె దాటినాక ఓబులేసు ఉన్నట్టుండి బండి పక్కకు తీసినాడు.

"వినపడిందా?" అన్నాడు.

"ఏంది?"

"ఏదో గుయ్‌మన్నట్ల."

దిగిపోయి చక్రాలన్నీ తన్ని చూసొచ్చినాడు. ఏమీ లేదు. ఆళ్లగడ్డ చేరేలోపల అట్ల మూడుసార్లు ఆపినాడు. వెనక కూర్చున్న వాళ్లు గొణుక్కుంటాండారు. నేను ఉండబట్టలేక, "పాసైనావు కదప్పా, ఇంకా ఏందీ అనుమానం?" అన్నా.

ఆయన రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు. "మిషన్ ముందు లేదన్నది, తర్వాత ఉందన్నది. రెండుసార్లూ చెప్పింది ఆ మిషనే కదప్పా," అన్నాడు.

కేబుల్ తెగితే అతికించగలను. ఇరవై రెండేండ్లు తన చెవిని నమ్ముకున్న మనిషిలో ఆ నమ్మకం తెగితే యాడ అతికించాలో నాకు ఎవరూ నేర్పలేదు.

ఆ తర్వాత ఎవరు ఏ హెడ్‌ఫోన్ తెచ్చినా ఏం చెడిందని ముందు అడగడం మానుకున్నా. ఇది దేనికి వాడతారని అడుగుతా. పాటలకు అంటే నాకు తోచిన ప్యాడ్ వేస్తా. మనిషిని తూచేకి అంటే అసలు ప్యాడ్ వచ్చేదాకా ముట్టుకోను, ఎంత తొందర ఉన్నా సరే, ఎవరు బతిమాలినా సరే. గట్టిగా ఉన్నదాన్ని చూసి జాలిపడి మెత్తగా చేసే ముందు, అది గట్టిగా ఎందుకుందో తెలుసుకుంటా. ఈ ముక్క నేర్చుకునేకి ఫీజు కట్టింది నేను కాదు, ఓబులేసు.

రిటైరయ్యేదాకా ఆయన బండి మా చౌక్ మీదుగానే పోయేది. వాన దంచి కొడతాంటే బస్సు కిటికీలన్నీ మూసేసేవాళ్లు. డ్రైవరు పక్క అద్దం మాత్రం ఎప్పుడూ కిందికి దించే ఉండేది. వెనక హారన్ వినపడదేమోనని దించుకుంటాడంట, ఆయన భార్య చెప్పింది. కుడిభుజం చొక్కా తడిసి ముద్దై, తల రోంత బయటికి వంచి, చెవి రోడ్డుకిచ్చి పోతాండేవాడు. నేను అంగడి గుమ్మంలో నిలబడి చెయ్యెత్తేవాన్ని. ఆయన చూసేవాడు కాదు, వింటాండేవాడు.