కిన్నెరసాని దాటిన ఫ్యాక్స్

సారపాకలో నెట్ సెంటర్ నడిపిన చాచా పోయారని అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆయన మాకు చుట్టమేమీ కాదు. అయినా సొంత మేనమామ పోయినంత దిగులుగా ఉంది నాకు. ఆయన మా ఇంటికి చేసిన మేలు నలుగురికీ చెప్పుకోకపోతే మనసు ఊరుకోదు.

బస్టాపు పక్కనే ఆయన కొట్టు. వానాకాలంలో ఫోన్ లైను గరగరలాడి పాత ఫ్యాక్స్ మెషీన్ సగం పేజీ మింగేసేది. బ్రాడ్‌బ్యాండ్ రాగానే చాచా ఇంటర్నెట్ ఫ్యాక్స్‌కు మారారు. స్కానర్ మూత ఎత్తి, బిస్మిల్లా అని, జేబురుమాలుతో అద్దం తుడిచి, కాగితం పెట్టేవారు. అది మెయిల్‌లో వెళ్లి అవతలి ఊళ్లో ఫ్యాక్స్‌గా బయటికొచ్చేది. మనకొచ్చేవి ఆయన మెయిల్‌కు చేరితే ప్రింటు తీసిచ్చేవారు.

కాగితం కళ్లముందే ఉంటే, అది వెళ్లిపోయిందంటే నమ్మేదెవరు? చేరినట్టు మెయిల్ వచ్చేదాకా జనం కదిలేవారు కాదు, ఆయన కదలనిచ్చేవారూ కాదు. "పంపుడు గొప్పనా? చేరుడు గొప్ప" అనేవారు. ఆ కాసేపూ వాళ్ల గుబులు పోవడానికి, బస్సు కండక్టరులా దారిలో ఊళ్ల పేర్లు చెప్పేవారు. అబద్ధమే. కానీ ఎంత హాయిగా ఉండేదో!

ఆ ఏడు గోదావరి పొంగింది. కిన్నెరసాని రోడ్డెక్కింది. బస్సులు బందయ్యాయి. అప్పుడే హైదరాబాదు హాస్టల్లో ఉన్న మా చెల్లి కడుపునొప్పితో దవాఖానాలో పడింది. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి, మైనరు కాబట్టి తల్లి ఒప్పుకోలు కావాలన్నారు. నాన్న లేరు. మేం పోదామంటే దారి లేదు. వార్డెనమ్మ పంపిన కాగితం చాచా మెయిల్‌కు వచ్చింది. అమ్మ దాని మీద వేలిముద్ర వేసింది. ముద్ర సరిగ్గా పడాలని నేను మణికట్టు పట్టుకున్నాను.

స్కానర్ వెలుగు ఇటునుంచి అటు పాకింది.

"పాల్వంచ చేరింది చెల్లె" అన్నారు చాచా.

అమ్మ గాభరాగా లేచింది. "ఎట్ల చేరింది భాయ్? కిన్నెరసాని అడ్డమున్నది గదా! తడిస్తే నా ముద్ర చెదరదా?"

చాచా నవ్వలేదు. "పైనుంచి పోతది చెల్లె, కొంగలు పోయినట్టు. నీళ్లంటవు."

కొత్తగూడెం, ఖమ్మం, కూసుమంచి... ఒక్కో పేరుకీ అమ్మ "అవ్" అంటూ తలూపింది. వాన చప్పుడు వింటుంటే నాక్కూడా ఆ కాగితం తెల్లగా అడవి మీదుగా సాగిపోతున్నట్టే అనిపించింది.

మెయిల్ వచ్చింది. "దిగింది చెల్లె. ఇగ వాళ్ల చేతిల ఉన్నది" అన్నారు.

ఆపరేషన్ కాగానే ఫ్యాక్స్‌లో కబురు పంపుతానంది వార్డెనమ్మ, ఫోన్‌లో మాట తెగిపోతోందని. చాచా ఈసారి ఊళ్ల పేర్లు అటునుంచి మొదలుపెట్టారు. సూర్యాపేట, కూసుమంచి... రాత్రంతా కన్ను మూయని అమ్మ, ఎక్కడో ఖమ్మం దగ్గర గోడకానుకుని నిద్రపోయింది.

అంతలో ప్రింటరు కదిలింది. చప్పుడవకుండా కాగితాన్ని చాచా రెండు చేతులా అందుకున్నారు. చదివి, కళ్లు తుడుచుకుని, "పిల్ల మంచిగున్నది" అన్నారు నాతో. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మను లేపబోతే వద్దని చెయ్యి చూపారు.

"పండనీ బిడ్డా. మంచి కబురు యాడికీ పోదు."

ఆ కబురు ఒళ్లో పెట్టుకుని, ఆమె నిద్ర చెదరకుండా, "కొత్తగూడెం... పాల్వంచ..." అని మెల్లగా చెబుతూనే ఉన్నారు.