మూడు ఊళ్ల నెట్, ఒక్క ఇంటర్వ్యూ

ఆ రోజుల్లో ఇంటర్నెట్ మన ఇంట్లో ఉండేది కాదు, చుట్టాల ఇంట్లో ఉండేది. మా నర్సింహులపేటలో డాంగిల్ పెట్టుకుని మేడమీద ఒక మూలకు నిలబడితే మెయిల్ చదువుకునేంత సిగ్నల్ వచ్చేది. బొమ్మ కనబడేలా మాట్లాడాలంటే మాత్రం బస్సెక్కాల్సిందే. నా డిగ్రీ అయిపోయి ఏడాది దాటింది. వాకిట్లోకి ఎవరొచ్చినా ‘ఏం చేత్తున్నవ్ బిడ్డా’ అని అడుగుతారేమోనని వంటింట్లోకి జారుకునేదాన్ని. అలాంటప్పుడు హైదరాబాద్‌లోని ఒక కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఇంటర్వ్యూ వీడియోలోనే అన్నారు. ఇంటర్నెట్ పెట్టించుకున్నవాళ్లు ఫోన్ చేసి మొరపెట్టుకుంటే ఓపికగా విని దారి చెప్పడం అక్కడి ఉద్యోగం. (ఇంట్లో నెట్ లేని పిల్ల ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిందంటే ఆ ధైర్యాన్ని మీరే మెచ్చుకోవాలి.)

సంగతి తెలియగానే జనగామ నుంచి పెద్దబాపు, అంటే నాన్నకు అన్న, కబురు పెట్టాడు. ఆయన ఇంట్లో టెలిఫోన్ తీగ మీదే నెట్ వచ్చేది. “తీగంటే తీగనే. గాలిల వచ్చేది గాలిలనే పోతది. బిడ్డను తీస్కొని రా” అన్నాడు మా బాపుతో. బాపు తెల్ల చొక్కా వేసుకుని, ఇంటర్వ్యూ తనకే అన్నంత శ్రద్ధగా తల దువ్వుకుని నన్ను జనగామ తీసుకుపోయాడు. కంప్యూటర్ తెరమీద కళ్లజోడు మేడమ్ కనబడి, “మీ గురించి చెప్పండి” అన్నారు. నేను బట్టీపట్టింది మొదలుపెట్టానో లేదో, తెర నల్లబడింది. సంగతేమిటంటే, ముందు గదిలో పెద్దబాపు ఫోనెత్తి చిల్పూర్‌లో ఉన్న దోస్తుకు, “మా తమ్ముని బిడ్డ గీ తీగలకెల్లే పట్నపోళ్లతోని మాట్లాడుతాంది” అని గొప్పగా చెబుతున్నాడు. మాటనూ నెట్‌నూ విడదీసే చిన్న డబ్బా ఒకటి ఆ తీగకు బిగించాలట. అది అడ్డంగా ఉందని ఆయనే ఎప్పుడో పీకి గూట్లో పెట్టాడు. రిసీవర్ కింద పెట్టించి, మోడెం దీపాలు మళ్లీ వెలిగేదాకా ఎదురుచూసి, నేను మేడమ్‌కు క్షమాపణ చెబుతున్నాను. అంతలోనే మళ్లీ నల్ల తెర. “లైన్ మంచిగున్నదా లేదా అని ఒక్కపారి ఎత్తి చూసిన, గంతే” అన్నాడు పెద్దబాపు. మేడమ్ ఇంటర్వ్యూను వాయిదా వేశారు.

రెండోసారి మహబూబాబాద్‌లో మా మేనమామ ఇల్లు. ఆయనది టీవీ కేబుల్ మీద వచ్చే నెట్. “టెలిఫోన్ తీగ సన్నం, మాది లావు. ఇగ సూడు ఎట్లుంటదో” అని మామ ముందే భరోసా ఇచ్చాడు. నిజంగానే పొద్దున సర్రున వచ్చింది. కానీ ఆ లావు తీగను వాడకట్టంతా పంచుకుంటుందన్న ముక్క మామ చెప్పలేదు. మధ్యాహ్నం క్రికెట్ మ్యాచ్ మొదలయింది. చుట్టుపక్కల ఇళ్ల పోరగాళ్లంతా కంప్యూటర్లలో అదే చూస్తున్నారట. నా బొమ్మ నోరు సగం తెరిచి అట్లనే ఆగిపోయింది. నేను ఇక్కడ గడగడా మాట్లాడుతూనే ఉన్నాను, అక్కడ మేడమ్ మాత్రం నేను ఆలోచిస్తున్నాననుకుని పాపం ఓపిగ్గా కూర్చున్నారట. ఆమె చివరికి ఫోన్ చేసి, “ఇంకొక్కసారి చూద్దాం, అదే ఆఖరు” అన్నారు. తిరుగు బస్సులో బాపు కిటికీ వైపు చూస్తూనే, “పోతె పోనీ బిడ్డా, బువ్వకు కరువొచ్చిందా మనకు” అన్నాడు. ఆ మాటకే నాకు ఏడుపొచ్చింది.

ఇక మిగిలింది భూపాలపల్లి. మా అక్కను ఇచ్చింది అక్కడే, బావకు బొగ్గుగనిలో ఉద్యోగం. ఇంటిమీద గొట్టానికి గిన్నెలాంటిది బిగించి, దూరాన కనబడే టవర్ వైపు తిప్పి పెట్టారు. తీగల జోలి లేదు, ఫోనెత్తేవాళ్లు లేరు, పంచుకునేవాళ్లూ తక్కువ. మేడమ్ ముఖం అద్దంలో చూసినట్టు కనబడింది. నేను మంచి ఊపులో ఉండగా ఆమె ముఖం గళ్లుగళ్లుగా చెదిరింది. అక్క అత్తగారు అప్పుడే ఉతికిన బొంతను తీసుకెళ్లి ఆ గిన్నెమీద ఆరేసింది. బాపు రెండేసి మెట్లెక్కి పైకి ఉరికాడు. బొంత తీసే తొందరలో గిన్నె పక్కకు తిరిగిపోయింది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని కొద్దికొద్దిగా తిప్పుతూ, “అచ్చిందా?” అని పైనుంచి అడిగాడు. అక్క కిందినుంచి “రాలే” అంది. మళ్లీ “అచ్చిందా?” “జర ఇటు దిప్పు బాపూ.” “గిప్పుడో?” అట్లా తిప్పుతుండగా మేడమ్ మళ్లీ ప్రత్యక్షమయ్యారు.

“ఎవరండీ ఆ అరుస్తున్నది?” అని అడిగారు.

“మా బాపు మేడమ్. పైన గిన్నె పట్టుకున్నడు. వదిలితే మీరు పోతరు.” (బట్టీపట్టిన పుస్తకభాష అంతా ఆ హడావిడిలో ఆవిరైపోయింది.)

ఆమె కాసేపు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, “సరే, మూడు చోట్ల నెట్ చూశారుగా. ఏది మంచిదంటారు?” అన్నారు. నేను పెద్దబాపు గురించి, వాడకట్టు మ్యాచ్ గురించి, బొంత గురించి ఉన్నదున్నట్టు చెప్పాను. “టెలిఫోన్ తీగది నిదానం, గని మన తీగ మనదే మేడమ్. కేబుల్‌ది జోరు, గని అందరిది. గాలిది అడ్డం లేనంతసేపు రాజా. ఎవలింటికి ఏది సరిపోతదో ఆ ఇంటోళ్లను అడగాలె” అన్నాను. ఆమె వెంటనే, “వచ్చే సోమవారం చేరండి. ముందు మీ నాన్నగారిని దిగమనండి” అన్నారు. బాపు మాత్రం వెంటనే దిగలేదు. ఉద్యోగం వచ్చిందని అక్క చెప్పినా, “కాయితం వచ్చేదాక వదలద్దేమో” అని ఇంకాసేపు పట్టుకునే ఉన్నాడు.

ఇప్పుడు మా ఊరికి గాజు తీగ వచ్చింది. వెలుతురు మీద మాట పోతుందట. వానొచ్చినా, మ్యాచ్ ఉన్నా అది ఆగదు. నేను ఇంట్లోనే కూర్చుని, నా కింద పనిచేసేవాళ్లతో మీటింగులు పెడుతున్నాను. మొన్న పైఅధికారి నాకు జవాబు తెలియని ప్రశ్న ఒకటి అడిగాడు. నేను మామ ఇంట్లో ఆగిపోయిన బొమ్మలాగే నోరు సగం తెరిచి, కదలకుండా కూర్చున్నాను. “మీ వెనక ఫ్యాన్ తిరుగుతోందమ్మా” అన్నాడాయన.