ఐలా ఇంటి కనెక్షన్

ఐలా కోస్కెలా ముప్ఫై ఏళ్ళు మా ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. ఊరి గుట్టంతా ఆవిడ చెవిన పడేది, ఒక్క ముక్క బయటికి వచ్చేది కాదు. మా అమ్మ ఫోన్లో ఎవరితో ఏం మాట్లాడేదని నేను అడిగితే, "మీ అమ్మ పద్ధతిగా మాట్లాడేది. నువ్వే నేర్చుకోలేదు" అనేది. రిటైరయ్యాక కాళ్ళు చాపుకుని కూర్చునే మనిషి కాదు. అరవై రెండో ఏట కంప్యూటర్ నేర్చుకుని, నేర్పిన కుర్రాడికే తప్పులు చెప్పింది.

మా ఊళ్ళో నది పక్కన కాగితం మిల్లుంది. మేమంతా దాని ఉప్పు తిన్నవాళ్ళమే. నేను ఇరవై ఆరేళ్ళుగా అక్కడి చెక్కల యార్డులో ఉన్నాను. రెండువేల రెండులో మిల్లువాళ్ళు మడ్డి పారబోసే గుంటను ఇంకా పెద్దది చేసుకుంటామని రాష్ట్రాన్ని అనుమతి అడిగారు. అప్పటికే పల్లపు వీధుల్లో బోరు నీళ్ళతో కాఫీ పెడితే నోట పెట్టలేకపోయేవాళ్ళం. ఐలా పరీక్ష సీసాలు తెప్పించి ఇంటింటికీ పంచింది. ఫలితాలు రాసుకోవడానికి ఇంటర్నెట్లో ఒక పేజీ పెట్టింది. అందులో పేర్లుండవు. రాసేవాళ్ళలో సగం మంది మిల్లు జీతగాళ్ళం మరి. ఏది ఎవరిల్లో ఐలా ఒక్కదానికే తెలుసు.

మొదట ఆ పేజీని ఊరకే చోటిచ్చే ఏదో కంపెనీలో పెట్టింది. మిల్లు లాయరు ఒక్క ఉత్తరం ముక్క రాస్తే, వాళ్ళు ఐలాను మాట మాత్రం అడక్కుండా తీసేశారు. దాంతో ఆవిడ ఒక పాత కంప్యూటర్ని నేలమాళిగలో బట్టల మిషను పక్కన పెట్టి, కేబుల్ కంపెనీ ఇచ్చిన ఇంటి కనెక్షన్ తగిలించి, పేజీని అక్కడ నిలబెట్టింది. "ఇక దీన్ని తీసెయ్యాలంటే నా గుమ్మంలోకొచ్చి, నా మెట్లు దిగాలి" అంది. అక్టోబరుకల్లా ముప్ఫై ఎనిమిది ఇళ్ళ ఫలితాలు చేరాయి. మా ఇంటి నీళ్ళలో ఆర్సెనిక్ ఉండాల్సినదానికి మూడింతలుంది. అనుమతి మీద విచారణ నవంబరులో. అప్పటిదాకా ఆ పేజీ బతికుంటే చాలు.

ఐలా కంటి ఆపరేషన్‌కని పక్క ఊరి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఒక మంగళవారం పొద్దున పేజీ తెరుచుకోలేదు. మా ఊళ్ళో ఒక అలవాటుంది. రోడ్డు మీద మంచు తీసే బండి రాకపోతే నలుగురు ఫోన్ చేస్తే లాభం లేదు, నలభై మంది వరసపెట్టి చేస్తే పరిగెత్తుకొస్తుంది. ఇదీ అలాంటిదే అనుకున్నాం. మొదటి ఫోను నేనే చేశాను. కేబుల్ కంపెనీ అమ్మాయి ఎంతో మర్యాదగా ఏ పేజీ అని, ఎవరిదని, ఎక్కడుందని అడిగింది. నేను పూసగుచ్చినట్టు చెప్పాను. బట్టల మిషనుతో సహా చెప్పాను. మర్నాడు చర్చిలో ప్రతి బుధవారం పెట్టే కాఫీ దగ్గర, యాలకుల రొట్టె నములుతూ, మీరూ చెయ్యండని అందరికీ ఎక్కించాను. నాతో కలిపి నలభై ఒక్క మంది చేశారు. మంచి పని చేశామని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

ఐలా ఇంటికొచ్చిన రోజే ఉత్తరం వచ్చింది. ఇంటి కనెక్షన్ మీద బయటివాళ్ళకు పేజీలు చూపించకూడదని ఒప్పందంలో పదకొండో షరతట. అందుకే బయటినుంచి ఇళ్ళలోని కంప్యూటర్లకు వచ్చే దారిని ఊరందరికీ మూసేశారట. అంతటితో ఆగితే ఐలా ఇంకో దారి తీసేదే. కానీ ఆవిడ ఇంట్లో ఉన్నది ఊరికంతటికీ నడిపే పేజీ అని రుజువైంది గనక కనెక్షనే పీకేశారు. రుజువు కింద నలభై ఒక్క ఫోన్లు, తేదీలూ వేళలతో సహా. ఐలా నన్ను పిలిపించింది. కంటికి కట్టు ఇంకా విప్పలేదు.

"మొదటి ఫోను మంగళవారం పొద్దున ఎనిమిదింబావుకి. ఆ టైముకి రాత్రి షిఫ్టు దిగి ఇంటికొచ్చేది ఈ చుట్టుపక్కల నువ్వొక్కడివే, రస్."

"మీ కోసమే చేశాను, ఐలా."

"తెలుసయ్యా. అదే నన్ను తినేస్తోంది. కావాలని చేసుంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని."

నా ఎదురుగానే కంపెనీకి ఫోన్ చేసింది. వ్యాపారాలకిచ్చే కనెక్షన్ తీసుకోండి, ఐదింతలవుతుంది, అదీ మీ వీధికి రాదు అన్నాడట అవతలివాడు. ఐలా గొంతు పెంచలేదు. "ఇంట్లో కూర్చుని రోజంతా మీ లైన్ మీద సామాన్లు కొనుక్కోవచ్చా బాబూ? కొనుక్కోవచ్చా, మంచిది. మా ఊరి నీళ్ళెలా ఉన్నాయో నలుగురికి చెప్పొచ్చా?" అని అడిగి, జవాబు విని, ఫోను పెట్టేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. డబ్బు కట్టించుకునేటప్పుడు ప్రపంచమంతా మీ ఇంట్లోనే అన్నారు. మా ఇల్లు ప్రపంచంతో ఒక్క మాట అనబోతే నోరు నొక్కేశారు. మా ఊళ్ళో ఇంకో కంపెనీ కూడా లేదు.

విచారణ బడి వ్యాయామశాలలో పెట్టారు. ఐలా ముప్ఫై ఎనిమిది ఫలితాలనూ అచ్చు తీసి తెచ్చింది. అధికారి చెడ్డవాడేమీ కాదు. పేజీ చిరునామా అడిగి, తన కంప్యూటర్లో కొట్టి చూశాడు. రాలేదు. అందరూ చూడగలిగే పేజీ అయితే అలాగే రికార్డులో చేర్చేవాణ్ణి, సంతకాల్లేని కాగితాలు మాత్రం తీసుకోలేను అన్నాడు. మీ సొంత బోరు సంగతేమిటని అడిగాడు. తన ఇల్లు గుట్ట మీదని, తన నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయని ఐలా చెప్పింది.

"మరివి ఎవరి నీళ్ళమ్మా?"

"పేర్లు నా దగ్గరున్నాయి. నేను చెప్పను, మాటిచ్చాను. వాళ్ళు లేచి చెప్పుకుంటే వాళ్ళిష్టం."

మిల్లు మేనేజరు ముందు వరసలో కూర్చుని వెనక్కి తిరిగి చూస్తున్నాడు. ఐలా మాత్రం మా వైపు తిరగలేదు. తిరిగితే ఎవరివైపు చూసిందో మేనేజరు కనిపెట్టేస్తాడని నాకు తర్వాత తట్టింది. మా ఆవిడ డోరీన్ మోచేత్తో నన్ను పొడిచింది. ఊరుకోవే అన్నాను. ఫోన్ చేసేటప్పుడు ఊరందరికంటే ముందున్నవాణ్ణి, అక్కడ కుర్చీకి అతుక్కుపోయాను. పెన్షన్‌కి ఇంకా నాలుగేళ్ళుంది. సిగ్గు లేకుండా రాస్తున్నాను, అప్పుడు నా ఆలోచన అదొక్కటే. ఐలా కాగితాలు సర్దుకుని, ఒంటికంటితో తడుముకుంటూ వేదిక మెట్లు దిగింది. చెయ్యి అందించడానికి కూడా ఎవరూ లేవలేదు.

జనవరిలో గుంటకు అనుమతి వచ్చింది. బోరు నీళ్ళ మీద ఫిర్యాదులు లేవు అని అందులో రాశారు.

ఇప్పుడు శుక్రవారం సాయంత్రం కిరాణా కొట్టు వరసలో అందరం కలుస్తాం. అందరి తోపుడు బండ్లలోనూ తాగే నీళ్ళ డబ్బాలే. ఈసారి మంచు తొందరగా పడేట్టుందని మాట్లాడుకుంటాం. ఐలా ఒక్కోసారి పాలకో రొట్టెకో వస్తుంది. పేరుపేరునా పలకరిస్తుంది, నన్ను కూడా. నేను డబ్బాల మూతలు సరిగ్గా బిగించారో లేదో చూస్తున్నట్టు వంగిపోతాను.