రెండో సీడీ వచ్చే ఐతారం

మొన్న గట్టు బస్టాండు నుంచి మా ఊరికి ఆటోలో పోతుంటే, రోడ్డు పక్క జొన్న చేనులో పిట్టలు వాలకుండా కట్టిన తాడుకు పాత సీడీలు వరసగా వేలాడుతూ, గాలికి తిరుగుతూ, ఎండను తెచ్చి నా కళ్లలో కొట్టాయి. పక్కన కూర్చున్న నా కూతురు, "గవేందమ్మా, అద్దాలా?" అంది. సినిమాలు, అన్నాను. దానికి అర్థం కాలేదు. ఏ సినిమానైనా ఫోనులో ఎక్కడ ఆపితే అక్కడి నుంచే మళ్లీ చూసుకునే పిల్లకు, ఒకప్పుడు సినిమా రెండు ముక్కలుగా వచ్చేదనీ, ఆ రెండో ముక్క ఇంకొకరి బీరువాలో ఉండేదనీ ఎట్లా చెప్పాలో నాకూ తోచలేదు.

నా చిన్నప్పుడు, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మా వైపు ఎటు చూసినా సీడు పత్తే. అంటే దూదికి కాదు, విత్తనానికి వేసే పత్తి. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను చూసి బొటనవేలి గోటితో గిల్లి, పైపొర ఒలిచి, గుర్తుకు ఎర్ర కాగితం ముక్క పెట్టాలి. తెల్లారి మగ మొక్కల వరసలోంచి పువ్వులు కోసుకొచ్చి, వాటి పుప్పొడిని రాత్రి ఒలిచిపెట్టిన మొగ్గకు ఒక్కొక్కదానికే అంటించాలి. ఈ పనిని క్రాసింగ్ అనేవాళ్లం. పెద్దవాళ్లకైతే నడుం వంగాలి, మాకు మొక్క సరిగ్గా ఛాతీ దాకా వచ్చేది, వేళ్లు సన్నవి, అందుకని పది పన్నెండేళ్ల ఆడపిల్లలకే గిరాకీ. శ్రావణంలో మొదలైతే దీపావళి దాకా ఒక్క రోజు ఆగే పని కాదు, ఎందుకంటే పువ్వుకు పండగ తెలియదు, ఐతారం తెలియదు, ఒక పూట చెయ్యి పెట్టకపోతే ఆ పూట మొగ్గలన్నీ దండగే. మధ్యాహ్నం చేను గట్టు మీద కూర్చుని జొన్నరొట్టె, పల్లికారం తింటుంటే వేళ్లకంటిన పసుపు పుప్పొడి, పురుగుమందు వాసన రొట్టెతో పాటే కడుపులోకి పోయేవి. మొక్కల మధ్య నిలబడితే మాకు పత్తి, ఆకాశం తప్ప ఇంకేమీ కనపడేది కాదు.

మేం పనిచేసింది తిమ్మప్ప మామ చేనులో. చుట్టం కాదు, వాడకట్టంతా మామా అనేది. కసిరే మనిషి కాదాయన, ఆ మాట మొదటే చెప్పాలి. చవితికి మా ఇరవై మందికీ రిబ్బన్లు తెచ్చేవాడు, పొద్దుగూకేటప్పుడు బొరుగుల్లో ఉల్లిగడ్డ, పుట్నాలు కలిపి ఇంత ఇంత కాగితంలో పెట్టేవాడు, ఎవరి చేతి మొగ్గ బాగా నిలిచిందో చూసి మెచ్చుకునేవాడు. ఆయన మెచ్చుకుంటే మాకు రెండు రోజులు నేల మీద కాలు నిలిచేది కాదు.

మొదటి ఏడాది నేను దసరా సెలవుల్లో మాత్రమే పోయాను. ఆ సెలవుల్లోనే ఒకరోజు తెల్లారి ఎడతెగని వాన పట్టుకుంది. తడిసిన పుప్పొడి అంటదు కాబట్టి మామ మమ్మల్ని ట్రాక్టరు డబ్బాలో ఎక్కించి, పైన తాటిపత్రి పట్టా కప్పి గద్వాల టాకీసుకు తీసుకుపోయాడు. తడి బట్టల వాసన, బీడీ పొగ, మిర్చి బజ్జీల నూనె వాసన, తెర చుట్టూ వెలిగి ఆరే రంగు బల్బులు, మనిషి ముఖమే మా ఇంటి కంటే పెద్దగా కనబడటం, విలన్ వచ్చినప్పుడల్లా నా స్నేహితురాలు ఈరమ్మ నా చెయ్యి గిచ్చి గిచ్చి కమిలిపోయేట్టు చేయడం, ఒక్కటీ మరిచిపోలేదు. అన్నిటికంటే నచ్చింది ఇంటర్వెల్. బయటికొచ్చి సోడా తాగుతాం, గంట కొడతారు, పరుగెత్తుకుంటూ లోపలికి పోతాం, మిగిలిన కథ మా కోసమే కాచుకున్నట్టు మొదలవుతుంది. అయిపోయాక తలుపులు తెరిస్తే అందరూ ఎవరి దోవన వాళ్లు పోతారు.

మరుసటి ఏడాది నాన్న పనికోసం పుణె పోయాడు. ఆరో తరగతిలో పేరు రాయించుకున్న నేను శ్రావణం రాగానే చేనుకు పోవడం మొదలుపెట్టాను. "మూడు నెల్లే, మల్ల బడికి పోదువులే" అంది అమ్మ. ఈరమ్మదీ అదే కథ. మేం టాకీసు ఎప్పుడని అడిగితే మామ నవ్వాడు. "టాకీసుకు పోతే ఒక పూట పాయె, ఎన్ని మొగ్గలు పాడైతయి? ఇంట్లనే టాకీసు వెట్టిన, సూడుండ్రి" అని కొత్త కలర్ టీవీ, సీడీ ప్లేయర్ తెచ్చి వాకిట్లో బల్ల మీద పెట్టాడు. ఐతారం నాడు పని దిగాక చాపలు పరుచుకుని కూర్చున్నాం. సగం సినిమా అయ్యాక మొదటి సీడీ తీసి, రెండోదాన్ని మాకు చూపించి బీరువాలో పెట్టాడు.

"రెండో సీడీ వచ్చే ఐతారం. ఎవ్వరు సుత నాగా వెట్టొద్దు. నాగా వెట్టినోళ్లకు రెండోది లేదు."

మేం నవ్వాం. ఆ వారం ఒక్కరూ నాగా పెట్టలేదు. జ్వరంతో ఒళ్లు కాలుతున్నా ఈరమ్మ తలకు తుండుగుడ్డ చుట్టుకుని వచ్చింది. మొగ్గలు గిల్లుతూ, తర్వాత ఏమవుతుందో ఒకరికొకరు కల్పించి చెప్పుకుంటూ ఆరు రోజులు గడిపేవాళ్లం. వారం వారం అదే వరస.

భాద్రపదం చివర ఒక సోమవారం తెల్లారే బడి సారు మా ఇంటికొచ్చాడు. ముందురోజే చూసిన సినిమా, తప్పిపోయిన చెల్లెలు రైలు కిటికీలోంచి అన్నకు చెయ్యి చాపిన చోట ఆగిపోయి ఉంది. "పరీక్షలొస్తున్నయి జయా. నీ పేరు ఇంకా కొట్టెయ్యలే. ఈ రోజు నుంచి వస్తవా?" అన్నాడు.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి, "అది పోతనంటె నేనెందుకొద్దంట సారూ? ఏమే, పోతవా?" అంది.

నిజంగానే అడిగింది. ఇన్నేళ్లలో ఎంత వెతికినా అమ్మ మీద తప్పు దొరకలేదు నాకు. చేనుకు పోదామని వచ్చి నిలబడి ఉన్న ఈరమ్మ నా చెవిలో, "నువ్వు పోతే నేను సుత వస్తనే, ఒక్కదాన్నయితే రాను" అంది. సారు చూస్తున్నాడు. నా కళ్ల ముందు ఆ రైలు కిటికీ తప్ప ఇంకేం లేదు.

"వచ్చే సోమారం వస్త సారూ" అన్నాను.

ఆ ఐతారం రెండో సీడీ పెట్టారు. పది నిమిషాల్లో చెల్లెలు దొరికింది. అంతే! దాని కోసం వారమంతా నిద్రలో కూడా కలవరించాను. మిగతాదంతా ఫైటింగులు, పాటలు. అది అయిపోగానే మామ, "ఇంక అంత రాత్రి కాలే గద" అంటూ ఇంకో సినిమా మొదటి సీడీ పెట్టాడు. ఇప్పుడు లేచి ఇంటికి పోవాలని నాకు తెలుసు. గేటు తెరిచే ఉంది, ఎవరూ పట్టుకోలేదు. ఈరమ్మ నా వైపు చూసింది. నేను తెర వైపు చూశాను. ఆ సాయంత్రం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది, పదకొండేళ్ల పిల్లనని నాకు నేను సర్దిచెప్పుకున్నా పోదు.

సారు ఇంకో రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ వచ్చే సోమారమే అన్నాను. తర్వాత రాలేదు, పరీక్షలు అయిపోయాయి, దీపావళికి పువ్వు తగ్గింది, బడిలో మా పేర్లు కొట్టేశారు. మరుసటి జూన్‌లో నాన్న వచ్చి చెవి పట్టుకుని తీసుకుపోతే, నాకంటే చిన్నపిల్లల మధ్య మళ్లీ ఆరులో కూర్చున్నాను. చెవి పట్టుకునేవాళ్లు ఇంట్లో లేక ఈరమ్మ రాలేదు. నేను చదువుకుని నాగర్‌కర్నూలు దవాఖానలో నర్సునయ్యాను. ఆమె ఆ ఊళ్లోనే, ఆ చేలలోనే ఉండిపోయింది.

ఇప్పుడు గద్వాలలో ఆ టాకీసు లేదు, ఫంక్షన్ హాలు కట్టారు. సీడీ ప్లేయర్లూ పోయాయి, గంట కొట్టే ఇంటర్వెల్లూ పోయాయి. మొన్న మేం ఊరికి పోయింది తిమ్మప్ప మామ మనవడి పెళ్లికి. కట్టె పట్టుకుని కూర్చున్న ముసలాయన నన్ను గుర్తుపట్టి, అందరూ వినేట్టు, "గీ పిల్లకు సినిమా అంటె ఏందో చూపిచ్చింది నేనే" అన్నాడు. అవు మామా, అని వంగి కాళ్లకు దండం పెట్టాను. ఆయన తల నిమిరాడు.

వెనక దొడ్లో ఈరమ్మ ఆడవాళ్లతో కలిసి భక్ష్యాలు చేస్తోంది. నన్ను చూసి జరిగి పీట వేసింది. "గా దినాలే మంచిగుండె గదనే జయా. ఐతారం ఎప్పుడస్తదా అని సూస్తుంటిమి, పని తెల్వకపోయేది" అంది. ఆ సాయంత్రం నేను లేవాల్సిందని చెబుదామనుకున్నాను. అవునే, అన్నాను.

పూర్ణం ముద్ద చేస్తూ నా కూతురి వైపు చూసి, "ఎన్నో తరగతి?" అని అడిగింది.

"ఆరు" అన్నాను.

"నేను సుత ఇంకా గదే తరగతిల ఉన్ననే" అని ఈరమ్మ పకపకా నవ్వింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.