నాలుగు ప్యాడ్లకూ ఒకటే ధిమ్

వేంపల్లె డోలాయన ఏ వస్తువునైనా ముందు అరచేత్తో తట్టి చూసేవాడు. కడపలోని మా వాద్యాల దుకాణంలో ఆయన తట్టని వస్తువు లేదు, బల్లతో సహా. మోటారు బెల్టులో పడి ఆయన కుడిచేతి వేళ్లు వంగడం మానేశాక వాళ్ల భజన గురువు, "ఇంగ తాళాలు పట్టుకోప్పా" అన్నాడట. ఒంటిమిట్ట ఉత్సవాల పాట రికార్డింగులో డోలు తనే వాయించాలని ఈయన పంతం.

పదహారు ప్యాడ్ల పెట్టెను కంప్యూటరుకు తగిలించి చూపించాను. ఒక్కో ప్యాడును తడితే ఒక్కో వాద్యం శబ్దం. ఆయన చెయ్యి పక్క ప్యాడు మీద పడి, డోలు మోగాల్సిన చోట గంట మోగింది.

"ఈ నాలుగిటికీ ఒగటే ధిమ్ పెట్టు. ఆ నాలుగిటికీ ఒగటే తా."

"పదారు శబ్దాల పెట్టెను రెండిటికి వాడితే దండగ కదా పెద్దాయనా!" అన్నాను. కొసరు కూడా వదలని కొట్టు బుద్ధి నాది.

"నాది చెయ్యప్పా, సూది గాదు. చెయ్యి చెప్పినట్ల పెట్టె వినల్ల."

సాఫ్ట్‌వేర్‌లో శబ్దాలు మార్చి, మెల్లగా తాకినా పలికేలా చేశాను. నా గొప్పంతా అంతే.

రికార్డింగు రోజు గురువు లోపలి గదిలో, హెడ్‌ఫోన్లలో డోలు వింటూ పాడాడు. పాట అయ్యాక బయటికి వచ్చి చుట్టూ చూశాడు.

"డోలు యాడప్పా? వాయించినోడు యాడ?"

పెద్దాయన వంగని చేతిని పైకెత్తాడు. "ఈడుండాది సామీ."

గురువు ఆ చేతిని చూసి, "ఇంగో పాటుండాది. కూర్చో" అన్నాడు.

ఇప్పుడు ఆ పెట్టె కోసం ఎవరొచ్చినా ముందు ఆయన కథే చెప్తాను. ధర సంగతి వాళ్లే గుర్తు చేయాలి.