పాత ఫైలు మీద కొత్త ఫైలు

ఆరేళ్లుగా ఒక మాట నా గుండెల మీద బరువుగా కూర్చుంది. మా ఇంట్లో వాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

ధర్మవరంలో పట్టుచీరల అంచులకు కంప్యూటర్ మీద డిజైన్లు వేసే చోట పనిచేసేవాణ్ణి. నేను హిందూపురంలో రైలెక్కితే, నాతో పనిచేసే సరళ పెనుకొండలో ఎక్కేది. ఆమె అంటే నాకు ఇష్టం. ఆ సంగతీ చెప్పలేదనుకోండి.

మా ఇద్దరికీ ఒకటే కంప్యూటర్. డిజైన్లు వేసే సాఫ్ట్‌వేర్‌లో ఆమెది పాత వెర్షన్. చేతులు వణికి మగ్గం మానేసిన వాళ్ల నాయన ఒకప్పుడు నేసిన అంచును, చీర ముందు పెట్టుకుని పోగు పోగూ లెక్కపెట్టి, నెలల తరబడి అందులో ఎక్కించింది. నాకేమో కొత్త వెర్షన్ కావాలి. పాతదాని మీదే ఎక్కిస్తుంటే కంప్యూటర్ ఆపింది. ఈ ఫైలు పాత వెర్షన్‌ది, దీని మీద రాయకూడదు అంది. రెండు వెర్షన్లనూ వేరే వేరే ఫోల్డర్లలో పెడితే సరిపోయేది. గంట పని. తెలిసీ బలవంతంగా రాయించాను. డిజైన్లకు కాపీలు తీసిపెట్టడం నా పనే, అదీ చేయలేదు. ఎందుకంత తొందర? కొత్తది చూపించి ఆమె ముందు గొప్పలు పోదామనా? అంతే అయి ఉంటుంది.

మర్నాడు ఆమె ఎప్పటిలాగే నాలుగు పోగులు దిద్ది సేవ్ చేసింది. మళ్లీ తెరిస్తే అంచంతా చెదిరిపోయింది.

"ఏమప్పా, నిన్న బాగనే ఉండె గదా. నేను యాడన్నా తప్పు నొక్కినానా?"

నేను బలవంతంగా రాయించిన ఫైలు వల్లేనని నాకు అప్పటికే అర్థమైంది.

"నొక్కింటావులే. చూసుకోవల్ల గదా," అన్నాను.

ఆమె ఏడవలేదు. తన వేళ్ల వైపు చూసుకుంది. వారం తిరక్కముందే, ఈ పని తనకు చేతకాదని ఓనరుకు చెప్పి మానేసింది. నేను పక్కనే ఉన్నాను. ఆమె మళ్లీ వస్తుందని ఎన్ని రోజులు ఎదురుచూశానో! వస్తే నిజం చెప్పేవాణ్ణా? ఏమో.

ఇప్పుడు సోమందేపల్లిలో బట్టల అంగడిలో ఉందట. కంప్యూటర్‌లో బిల్లు కొట్టమంటే భయపడి, పక్కవాళ్లను పిలుస్తుందట. పోయిన నెల వెళ్లాను. రోడ్డుకు ఇవతల నిలబడి, ఆమె చీర మడతపెట్టడం చూసి, బస్సెక్కి వచ్చేశాను. చూడాలని ఎంత అనిపించినా, మాట్లాడ్డానికి నోరు రాలేదు.

సరళా, నువ్వేమీ తప్పు నొక్కలేదు. నీ డిజైన్ చెడగొట్టింది నేను.

ఈ రెండు ముక్కలు రాయడానికి ఆరేళ్లు పట్టింది. ఆమె చదవదు. అయినా కాస్త ఊపిరాడుతోంది.