పదివేల ఇళ్ల అవ్వ

కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషి భయాలకు అర్థం పర్థం ఉండదు. ఆ రోజుల్లో నేను మాదాపూర్ ఆఫీసు గేటు దగ్గర కార్డు చూపిస్తే ఒక్కోసారి ఎర్రలైటు వెలిగించే యంత్రానికి భయపడేదాన్ని. లిఫ్టులో ఇంగ్లీషులో నవ్వుకునేవాళ్లకి భయపడేదాన్ని (తెలుగులో నవ్వితే అంత భయం ఉండేది కాదు). క్యాంటీన్‌లో తిన్న ట్రే ఎక్కడ పెట్టాలో అడగడానికి భయమేసి, దాన్ని పట్టుకుని కాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి నా సీటు దగ్గరికే తెచ్చుకుని బల్ల కింద దాచిన రోజు కూడా ఉంది. వీటన్నిటినీ మించి మా డెసిమల్ సార్‌కి భయపడేదాన్ని. ఆయనకి ఆ పేరు నాకంటే ముందు చేరినవాళ్లు పెట్టారు. ఏ పట్టిక చూపించినా చుక్క తర్వాత రెండో అంకె దగ్గర వేలుపెట్టి, తలెత్తకుండా, ఇది ఎలా వచ్చిందని అడిగేవారు. అరిచేవారు కాదు. అరిస్తే ఏదో ఒకటి చెప్పి బయటపడవచ్చు. ఆయన నెమ్మదిగా అడిగి, జవాబు కోసం ఎంతసేపైనా ఎదురుచూసేవారు. ఇన్నిటికి భయపడ్డాను గానీ, భయపడాల్సిన ఒక్కదానికి మాత్రం ముందుగా భయపడలేదు.

మా కంపెనీ పని సర్వేలు చేయడం, వచ్చిన జవాబుల్ని పట్టికలుగా మార్చి ఇవ్వడం. నేను చేరిన నాలుగో నెలలో ఒక సేవాసంస్థ వాళ్లు మా దగ్గరికి వచ్చారు. ఐటీ ఆఫీసుల చుట్టుపక్కల ఉన్న కాలనీల్లో, బస్తీల్లో డాక్టరుతో, మందులతో తిరిగే వ్యాన్లు నడపాలని వాళ్ల ఆలోచన. ఏ చోటికి పంపాలో తేల్చుకోవడానికి, ఒంట్లో బాగాలేకపోతే మొదట ఎక్కడికి వెళ్తారని ఆరువందల ఇళ్లలో అడిగించారు. అడగడం ఒక ఎత్తు, లెక్కలోకి తీసుకోవడం ఇంకో ఎత్తు. నేనుండే హాస్టల్ ఉన్న నిజాంపేటనే తీసుకుంటే అక్కడ లెక్కలేనన్ని ఇళ్లు, మనం అడిగింది ఏ కొన్నింటినో. నార్సింగి అవతలి చిన్న బస్తీలో ఉన్నవే కొద్ది ఇళ్లు. రెండు చోట్ల జవాబుల్నీ సమానంగా తూచకూడదు. అందుకని ప్రతి ఇంటి జవాబు పక్కనా, ఆ ఇల్లు ఎన్ని ఇళ్ల తరఫున మాట్లాడుతోందో ఒక అంకె వేస్తారు. దాన్నే వెయిట్ అంటారు. ఒకరికి పది, ఒకరికి యాభై, సగటున ఓ ముప్ఫై అనుకోండి. ఆ అంకెలు ఏ వరసలో ఉన్నాయో సాఫ్ట్‌వేర్‌కి చూపించి ఒక్క ఆదేశం ఇస్తే చాలు, తెర కింద మూలన ‘వెయిట్ ఆన్’ అని చిన్న అక్షరాలు కనిపిస్తాయి. మిగతాదంతా అదే చూసుకుంటుంది.

ఎమ్మెస్సీలో ఈ పాఠం నాకు కంఠతా వచ్చు. కాబట్టి ఆదేశం ఇచ్చాను, అక్షరాలు కనిపించాయి, పట్టికలు వచ్చాయి. వాటిలో ఒక విశేషం ఉంది. మొత్తం ఇళ్లలో మూడో వంతుకు పైగా ఏ ఆసుపత్రికీ వెళ్లరట, ఇంట్లోనే కషాయం కాచుకుని తాగుతారట. నార్సింగి అవతలి బస్తీ వరకూ చూస్తే దాదాపు అందరూ కషాయం మీదే ఉన్నారు. కాస్త బుర్ర ఉన్న మనిషికి ఇక్కడ అనుమానం రావాలి. నాకు ఆనందం వచ్చింది. నగరజీవితపు ఒత్తిడితో విసిగిన ప్రజలు సంప్రదాయ గృహవైద్యం వైపు మళ్లుతున్నారని ఒక పెద్ద పేరా, మంచి ఇంగ్లీషులో రాశాను. ధోరణి అనే అర్థం వచ్చే మాట అందులో మూడుసార్లు వాడాను. డెసిమల్ సార్ ఆ పేరా మొత్తం చదివి, ఒక్క కామా కూడా మార్చకుండా, దీన్నే ముందు చూపిద్దామన్నారు. ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి, సార్ నన్ను మెచ్చుకున్నారని చెప్పాను (నిజానికి ఆయన మెచ్చుకోలేదు, తిట్టలేదంతే).

మర్నాడు పదకొండింటికి ఆ సంస్థవాళ్లతో మీటింగ్. పదిన్నరకి ఫీల్డ్ అక్క వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి జవాబులు రాసుకొచ్చే బృందానికి ఆవిడ పెద్ద. నార్సింగి ఇంకా ఊరుగా ఉన్నప్పుడు అక్కడే పుట్టిన మనిషి. ఆఫీసుకి ఎప్పుడో తప్ప రాదు. వస్తే మాత్రం ఏసీ చలికి కొంగు కప్పుకుని నా పక్క కుర్చీలో కూర్చుంటుంది. ఆ రోజు కూడా కూర్చుని, నా బల్ల మీది కాగితాలు తీసి, పట్టికని వేలితో వరసగా చూసుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది.

“చెల్లె, ఈ కషాయం ముచ్చట ఎవరు చెప్పిన్రు?”

డేటా చెప్పిందని కొంచెం గర్వంగానే అన్నాను. అక్క నావైపు చూసింది.

“గా మాట చెప్పింది ఒక్క అవ్వ. నేనే రాసిన. ఒక్కామె గింతమంది ఎట్లయింది?”

వెయిట్‌ల వరస తెరిచి, అందులో అన్నిటికంటే పెద్ద అంకె ఏదో చూపించమని సాఫ్ట్‌వేర్‌ని అడిగాను. ఈ పని మొదటిరోజే చేయాలి. నాలుగు తొమ్మిదులు వరసగా నిలబడి కనిపించాయి. ఆ బస్తీ వెనక సందులో అక్క వెళ్లిన రోజున అన్ని ఇళ్లకీ తాళాలున్నాయట, ఒక్క అవ్వే దొరికిందట. సందులో ఎన్ని ఇళ్లున్నాయో రాసుకున్న కాగితం వానకి తడిసి అలుక్కుపోయింది. అంకె తెలియని చోట మా వాళ్లు తొమ్మిదులు వేస్తారు. తెలియదు అని దానర్థం. ఆ సంగతి మనుషులకి తెలుసు, సాఫ్ట్‌వేర్‌కి మనం చెప్పాలి. నేను చెప్పలేదు. అది మాత్రం పాపం నన్ను నమ్మి, ఆ ముసలావిడని ఒకటి తక్కువ పదివేల ఇళ్ల తరఫున మాట్లాడించింది. నేను దాని మీద ధోరణి రాశాను.

ఆ తర్వాతి అరగంట నాకు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. వాష్‌రూమ్‌కి వెళ్లి మొహం కడుక్కున్నాను, రెండుసార్లు. కుళాయి కింద చెయ్యి పెట్టగానే నీళ్లు వాటంతటవే వచ్చినందుకు కూడా ఉలిక్కిపడ్డాను. హాస్టల్లో పెట్టె ఎంతసేపట్లో సర్దగలనో లెక్కేసుకున్నాను. మా వీధిలో అమ్మ నన్ను సైంటిస్టునని చెప్పుకుంటోంది, ఆ మాటని ఎలా వెనక్కి తీసుకుంటుందో ఊహించుకున్నాను. తరవాత మరో ఉపాయం తట్టింది. ఇప్పుడేమీ అనకుండా ఊరుకుని, సాయంత్రం చప్పుడు చేయకుండా పట్టిక మార్చి పంపిస్తే? బయటికొచ్చి ఈ ఉపాయం అక్కకి చెప్పాను. ఉద్యోగం పోతుందక్కా అన్నాను. అక్క కోప్పడలేదు.

“నీ నౌకరీ పోతే ఇంకోటి దొరుకుతది చెల్లె. ఆ బస్తీకి రావాల్సిన బండి ఈ పొద్దు పోతే, మల్ల ఎన్నడొస్తదో నాకైతే తెల్వది. జర ధైర్యం జేసి పోయి చెప్పు.”

మీటింగ్ గది తలుపు తోసేసరికి నా పేరా గోడమీద అంత పెద్ద అక్షరాలతో వెలుగుతోంది. డెసిమల్ సార్ దాన్ని, నేను ఎప్పుడూ వినని ఉత్సాహంతో, వివరిస్తున్నారు. ఆ సంస్థ తరఫున వచ్చిన పెద్దావిడ కళ్లజోడు సర్దుకుని, అలాగైతే ఆ బస్తీవాళ్లకి మన వ్యాన్ అవసరం లేదన్నమాట అంటూ చేతిలోని జాబితా మీద పెన్ను ఆనించింది. గీత ఇంకా పడలేదు. నేను చేయాల్సిన ప్రసంగం మొత్తం గుమ్మం దాకా తలలో ఉంది, క్షమాపణతో మొదలుపెట్టి. నోరు తెరిస్తే రెండే మాటలు వచ్చాయి.

“సార్, అవ్వ.”

గదిలో అందరూ నావైపు తిరిగారు. ఎవరికో ఒంట్లో బాగాలేదనుకుని ఒకాయన నాకు కుర్చీ జరిపాడు. నేను కూర్చోలేదు, కూర్చుంటే మళ్లీ లేవగలనన్న నమ్మకం లేదు.

“మూడో వంతు ఇళ్లు కాదండీ. ఒక్క అవ్వ. వెయిట్ తెలియక తొమ్మిదులు వేస్తే, నేను చూసుకోకుండా వాడేశాను. తప్పు నాదండీ.”

డెసిమల్ సార్ గోడవైపు ఒకసారి చూసి, ల్యాప్‌టాప్ మెల్లగా మూశారు. పేరా మాయమైంది. రెండు రోజులు గడువిస్తే సరిచేసిన పట్టికలతో వస్తామని ఆయన వాళ్లకి చెప్పారు. పెద్దావిడ పెన్ను మూత పెట్టి, అవ్వకి ఏం జబ్బు అని అడిగింది. ఆ సంగతి మా ఫారంలో లేదు.

వాళ్లు వెళ్లాక సార్ కారిడార్‌లో కిటికీ దగ్గర టీ కప్పుతో నిలబడి ఉన్నారు. ఇప్పుడే చెప్పేస్తారు, కార్డు ఇచ్చేయమంటారు అనుకుంటూ దగ్గరికి వెళ్లాను. మెడలోంచి కార్డు తీసి చేతిలో కూడా పట్టుకున్నాను, ఆయనకి శ్రమ లేకుండా. ఆయన తలెత్తకుండా, ఎప్పట్లాగే నెమ్మదిగా అడిగారు.

“మాక్సిమం చూడలేదా?”

“లేదండీ.”

“నేనూ చూడలేదు.”

అప్పుడు గమనించాను, ఆయన చేతిలో కప్పు సాసర్ మీద చిన్నగా టకటకమంటోంది. ఆయనకీ పైన ఎవరో ఉంటారని, వాళ్లూ ఏదో ఒక అంకె దగ్గర వేలుపెట్టి అడుగుతారని నాకు అంతవరకూ తట్టలేదు. ఆయన కప్పు కిటికీ గట్టుమీద పెట్టి, అక్కతో వెళ్లి ఆ సందులో ఇళ్లు లెక్కపెట్టుకుని రమ్మన్నారు. కార్డు వేసుకో, మళ్లీ లోపలికి రావాలిగా అన్నారు.

ఆ మధ్యాహ్నమే ఆటోలో వెళ్లాం. ఆకాశం దాకా లేచిన అపార్ట్‌మెంట్ల వెనక, వాటిని కడుతున్నవాళ్లూ, వాటిలో గిన్నెలు తోమేవాళ్లూ ఉండే బస్తీ అది. సందులో ఇళ్లు అక్క ఒకవైపు నుంచి, నేను ఇంకోవైపు నుంచి లెక్కపెట్టాం. రెండు లెక్కలూ కలవక మళ్లీ లెక్కపెట్టాం. నలభై ఒకటి. అవ్వ గుమ్మంలోనే కూర్చుని ఉంది. పదివేల ఇళ్ల మనిషి కదా, ఇంకా పెద్దగా ఉంటుందనుకున్నాను; గట్టిగా గాలి వీస్తే పట్టుకోవాల్సినంత బక్కగా ఉంది. మోకాళ్లకి గుడ్డలు చుట్టుకుంది. ఫారంలో లేని ప్రశ్న ఒకటి అడిగాను, దవాఖానకి ఎందుకు వెళ్లవు అవ్వా అని.

“ఎట్ల పోవాలె బిడ్డా? కొడుకూ కోడలూ పొద్దుగాల్నే పనికి పోతరు. నేను గీ మోకాళ్లతోని మెయిన్ రోడ్డు దాంక నడుస్తనా? అందుకే గింత మిరియాల కషాయం కాసుకుంట.”

ధోరణి అంటే అది. అవ్వ నా మొహం చూసి, జరమొచ్చినట్టుంది పిల్లకి అని, నాకూ ఒక గ్లాసు పోసి ఇచ్చింది. కాదనడానికి నోరు రాలేదు. ముక్కు మూసుకుని తాగాను. అక్క అటు తిరిగి నవ్వుకుంటోంది.

రెండు రోజుల తర్వాత సరైన పట్టికల్లో కషాయం ఆఖరి వరుసకి, ఒక శాతం కంటే తక్కువకి దిగిపోయింది. అయినా డెసిమల్ సార్ ఆ వరుస తీసేయనివ్వలేదు. దాని కింద అవ్వ చెప్పిన కారణం, ఆవిడ మాటల్లోనే, నా చేత రాయించారు. సంస్థవాళ్లు పట్టికలు చూశారో, ఆ మాటే చూశారో నాకు తెలియదు గానీ, జాబితాలో బస్తీ పేరు నిలిచింది. వ్యాన్ సందు మొదట్లోనే ఆగుతుందని కొన్ని నెలలకి అక్క ఫోన్ చేసి చెప్పింది.

ఇప్పటికి చాలా ఏళ్లయింది. ఇప్పుడు పట్టికలు నేనూ చూస్తాను, నా కింద పిల్లలు చేసి తెస్తుంటే. ఒక్కోసారి సాయంత్రం మెట్రోలో ఎదురు సీట్లో ఎవరో కొత్త పిల్ల, ఒళ్లో ల్యాప్‌టాప్ సంచిని రెండు చేతులా గట్టిగా పట్టుకుని, పెదవులతో ఏదో వల్లెవేసుకుంటూ కనిపిస్తుంది. అచ్చం ఆనాటి నాలాగే. ఆ పిల్ల పక్కన కూర్చుని, ఏమీ కాదమ్మా, వెళ్లి చెప్పెయ్యి, కాస్త వణుకుతావు, అంతే అని చెప్పాలనిపిస్తుంది. కానీ ఆనాటి నన్ను నేనెరుగుదును. నాలాంటి మనిషి దగ్గరికి వస్తే ఆ పిల్ల ఒక్కమాట కూడా వినదు. గబుక్కున లేచి నిలబడి, సారీ మేడమ్, మీరు కూర్చోండి అంటుంది.